బిల్డింగ్ కింద పైల్స్ ఉంటే మెట్రో టన్నెల్ ఏమీ చేయదా? అపోహలు, వాస్తవాలు

మా తిరుపతివాళ్లలో చెన్నైలో ఫ్లాట్లు కొన్నవాళ్లు బోలెడుమంది. పక్కనుంచి మెట్రో టన్నెల్ పోతోందని తెలియగానే ఫౌండేషన్ల పని చేసే నాకు ఫోన్లు వస్తాయి.

అపోహ: "మాది పైల్ ఫౌండేషన్, మాకేం కాదు."

పైల్స్ అంటే బిల్డింగ్ బరువు మోయడానికి నేలలోకి లోతుగా దింపే కాంక్రీట్ స్తంభాలు. ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. పైల్ కొన (కింది చివర) టన్నెల్‌కు ఎటువైపు, ఎంత లోతులో ఉందో తెలియకుండా అలా అనకూడదు. టన్నెల్ తవ్వే మెషిన్ ఎంత జాగ్రత్తగా తవ్వినా చుట్టూ ఉన్న మట్టి కాస్త లోపలికి జరుగుతుంది. బంకమట్టిలో మంచి పనికి అది టన్నెల్ అడ్డుకోత వైశాల్యంలో 1 శాతం అటూఇటూ. 6 మీటర్ల వ్యాసం టన్నెల్, దాని మధ్యభాగం 18 మీటర్ల లోతులో ఉందనుకోండి. సరిగ్గా దానిపైన నేల దాదాపు 12 మిల్లీమీటర్లు దిగుతుంది, పక్కకు పోయేకొద్దీ తగ్గుతుంది.

పైల్ కొన టన్నెల్ నెత్తిమీదే ఆగిపోయి ఉంటే మాత్రం ఆ పైల్ నేల కంటే ఎక్కువ దిగుతుంది. టన్నెల్ పక్కల నుంచి పైకి, బయటివైపుకు సుమారు 45 డిగ్రీల గీత గీయండి. కొన ఆ గీతకు బయట ఉంటే నేల కంటే తక్కువ దిగుతుంది. లండన్ దగ్గర డాగెన్‌హామ్‌లో ఛానల్ టన్నెల్‌కు (ఇంగ్లండ్-ఫ్రాన్స్ మధ్య సముద్రం కింది సొరంగం) వెళ్లే రైలు మార్గం కోసం తవ్వేటప్పుడు బరువు పెట్టిన నిజమైన పైల్స్ మీద దీన్ని కొలిచి చూశారు. ఒకే బిల్డింగ్‌లో కొన్ని పైల్స్ గీత లోపల, కొన్ని బయట ఉంటే చిక్కు. ఒకవైపు ఎక్కువ దిగి, తలుపు గడియ పడదు, కిటికీ మూలనుంచి ఏటవాలుగా పగులు వస్తుంది.

తిరుపతి బైరాగిపట్టెడ పెద్దాయన ఒకరు తన చెన్నై ఫ్లాట్‌కు పైల్స్ ఉన్నాయి కదా అని, కండిషన్ సర్వేకు (తవ్వకానికి ముందు బిల్డింగ్ ఎలా ఉందో ఫొటోలు తీసి రాసుకోవడానికి) వచ్చినవాళ్లను గుమ్మంలోంచే పంపేశారు. తర్వాత వాట్సాప్‌లో ఏదో చూసి, "బాబూ, వచ్చిన ధరకి అమ్మేయమంటావా?" అని వణుకుతూ అడిగారు. బిల్డర్ దగ్గర పైల్ డ్రాయింగ్ తెప్పించాం. కొనలు 24 మీటర్ల లోతులో, టన్నెల్‌కు 20 మీటర్ల పక్కగా ఉన్నాయి. గీతకు బాగా బయటే. ఆయన టెన్షన్ అక్కడితో తీరింది. కానీ సర్వే ఒప్పుకోమని మళ్లీ పట్టుబట్టాను. తవ్వకానికి ముందు తీసిన ఫొటోలు లేకపోతే, రేపు పగులు వచ్చినా అది కొత్తదని ఎవరికి చూపిస్తారు?

అపోహ: "మెషిన్ దాటిపోతే గండం గడిచినట్లే." బంకమట్టిలో కాదు. మట్టిలోని నీటి ఒత్తిడి సర్దుకునేదాకా నేల నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి మెల్లగా కదులుతుంది. పగులు కనిపిస్తే రెండు చివరలా పెన్సిల్‌తో గీత, పక్కన తేదీ వేయండి.

అపోహ: "అదురుకే కూలిపోతుంది." మెత్తటి బంకమట్టిని మెషిన్ కోసుకుంటూ పోతుంది, బ్లాస్టింగ్ ఉండదు. ఈ పుకారు నమ్మి ఫ్లాట్ అమ్ముకోకండి. ముందు పైల్ డ్రాయింగ్ అడగండి.