అబ్లేషన్ అయ్యాక బ్లడ్ థిన్నర్ ఆపేయొచ్చా? ఏఎఫ్ గురించి అపోహలు - వాస్తవాలు

గుండె పైగదులు లయ తప్పి కొట్టుకోవడమే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, క్లుప్తంగా ఏఎఫ్. వారం దాటినా సర్దుకోకపోతే దాన్ని పర్సిస్టెంట్ ఏఎఫ్ అంటాం. ఓపీలో అబ్లేషన్, అంటే గుండెలో లయ తప్పించే చోట్లను కాల్చే చికిత్స, మాట ఎత్తితే నాకు తరచూ ఎదురయ్యే అపోహలివి.

అపోహ: అబ్లేషన్ అయింది, ఈసీజీ నార్మల్. ఇక బ్లడ్ థిన్నర్ అక్కర్లేదు.

నన్ను అన్నిటికంటే భయపెట్టే మాట ఇదే. అబ్లేషన్ చేసిన చోట గాయం మానేదాకా రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. అందుకే కనీసం రెండు మూడు నెలలు ఎవరికైనా ఈ మందు తప్పదు. ఆ తర్వాత ఆపాలా వద్దా అన్నది ఈసీజీని బట్టి చెప్పం. వయసు, బీపీ, షుగర్, గుండె బలహీనత, ఇంతకుముందు పక్షవాతం వచ్చిందా అన్నవి చూసి చెబుతాం. ఎందుకంటే ఏఎఫ్ మళ్లీ వచ్చినా దడ తెలియకపోవచ్చు, ఈలోగా గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. పక్షవాతం ముప్పు ఎక్కువున్నవారు లయ బాగున్నా మందు కొనసాగించాల్సిందే.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాత జ్వరం వల్ల గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం బాగా ఇరుకై, దాంతో ఏఎఫ్ వచ్చినవాళ్లను ఇప్పటికీ చూస్తుంటాం. వాళ్లకు ఎసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి పాత మందులే సరైనవి. ఇలాంటి కవాట జబ్బు ఉన్నవారిపై జరిగి 2022లో వెలువడిన ఇన్విక్టస్ పరిశోధనలో, కొత్త తరం మందు రివరాక్సబాన్ కంటే పాత మందులు వాడినవారే మెరుగ్గా ఉన్నారు. ఈ పాత మందులతో రక్తం ఎంత పలుచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్షలు విసుగనిపించినా మానకండి.

అపోహ: ఒక్కసారి చేయించుకుంటే జన్మలో రాదు.

ఊపిరితిత్తుల నుంచి గుండెకు వచ్చే సిరల్లో పుట్టే స్పందనలే ఏఎఫ్‌ను రేపుతున్నాయని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు చూపించారు. ఆ సిరలను గుండె నుంచి విద్యుత్తు పరంగా వేరుచేయడమే ఈ చికిత్స. అయితే వాళ్లు చూసింది ప్రధానంగా వచ్చిపోయే ఏఎఫ్. పర్సిస్టెంట్ దశకు వచ్చేసరికి ఎడమ పైగది సాగిపోయి, గోడలో మచ్చలు పడి ఉండొచ్చు. అందుకే ఫలితం కొంత తక్కువ, కొందరికి రెండోసారి చేయాల్సి వస్తుంది. మొదటి రెండు నెలల్లో దడ వచ్చినంత మాత్రాన చికిత్స విఫలమైందని టెన్షన్ పడకండి. ఇక బరువు, గురక, మద్యం సంగతి పట్టించుకోకపోతే ఎంత బాగా చేసినా తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది.

అపోహ: ఎక్కువ చోట్ల కాలిస్తే ఎక్కువ మేలు.

మేమూ అలాగే ఆశించాం. 2015లో స్టార్ ఏఎఫ్-2 పరిశోధన ఆ ఆశను వమ్ము చేసింది. సిరలను వేరుచేసి ఆపినవారికీ, అదనంగా ఇతర చోట్ల కాల్చినవారికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

అపోహ: ఛాతీ కోస్తారు.

కోయరు. గజ్జల్లోని సిర గుండా సన్నని గొట్టాలు పంపిస్తారు. అలాగని ప్రమాదమే లేదనుకోకూడదు. గుండె చుట్టూ రక్తం చేరడం, పక్షవాతం అరుదుగా జరుగుతాయి. అంతకంటే అరుదుగా గుండెకూ అన్నవాహికకూ మధ్య రంధ్రం పడుతుంది. కొన్ని వారాల తర్వాత కూడా జ్వరం, మింగితే నొప్పి, ఛాతీ నొప్పి, కాళ్లూచేతుల్లో బలహీనత కనిపిస్తే ఆలస్యం చేయకుండా అబ్లేషన్ చేసిన డాక్టరుకు చెప్పి ఆస్పత్రికి వెళ్లండి. ఎక్కడికి వెళ్లినా అబ్లేషన్ అయిన సంగతి ముందే చెప్పండి. ఇలాంటప్పుడు ఎండోస్కోపీ ప్రాణం మీదికి తేవచ్చు, ముందు చేయాల్సింది ఛాతీ సీటీ స్కాన్.