నిరపేక్ష ఆదేశం కింద సంతకం ఎవరిది?

సివిల్స్‌కు సిద్ధమయ్యే పిల్లలకు నీతిశాస్త్రం చెబుతుంటాను. 2013లో మెయిన్స్‌లో ఎథిక్స్ పేపరు పెట్టినప్పటి నుంచి, పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ తత్వవేత్త కాంట్ పేరు వినని అభ్యర్థి లేడు. మొన్న దిద్దిన 40 జవాబు పత్రాల్లో సగానికి పైగా ఒకటే వాక్యం: "కాంట్ ప్రకారం పైవారి ఆదేశాన్ని ప్రశ్నించకుండా పాటించడమే కర్తవ్యం." ఏ గైడులో పుట్టిందో గానీ, ఒకరి నోట్సులోంచి ఇంకొకరి నోట్సులోకి పాకుతూనే ఉంది.

అపోహ: కర్తవ్యం అంటే చెప్పిన పని చేయడం.

తప్పు కొంత మన అనువాదంలోనే ఉంది. కాంట్ నీతికి మూలసూత్రమైన 'కేటగారికల్ ఇంపరేటివ్'ను 'నిరపేక్ష ఆదేశం' అని పాఠ్యపుస్తకాల్లో రాసుకున్నాం. ఆదేశం అనగానే మనకు జీవో గుర్తొస్తుంది. దాని కింద ఎవరో అధికారి సంతకం ఉంటుంది. 1785లో కాంట్ రాసిన ఆదేశం కింద సంతకం మాత్రం నీదే. నువ్వు ఏ సూత్రం మీద నడుస్తున్నావో, అది అందరికీ నియమం కావాలని నువ్వు కోరుకోగలవా అన్నదే పరీక్ష. ఆ పరీక్షను నీ బదులు రాజుగారు రాయలేరు, పూజారి రాయలేడు, సెక్షన్ ఆఫీసరు అసలే రాయలేడు. శిక్షకు జడిసో ప్రమోషన్‌కు ఆశపడో బయటి నియమానికి తలవంచితే, కాంట్ లెక్కలో అది పారతంత్ర్యం.

అపోహకు విత్తనం ఆయన రాతల్లో బొత్తిగా లేదనను. 1784 నాటి వ్యాసంలో, విధుల్లో ఉన్న సైనికాధికారి ఆజ్ఞ పాటించాల్సిందే అన్నాడు. కానీ 1793లో మతం గురించి రాస్తూ, మనుషులు స్వతహాగా చెడ్డదైన పనిని ఆజ్ఞాపిస్తే దానికి లోబడకూడదని తేల్చేశాడు. మన గైడు రచయితలు అంతదూరం చదవరు.

ఈ అపోహ ఎంతదూరం పోగలదో 1961లో జెరూసలేంలో కనబడింది. యూదులను మరణ శిబిరాలకు తరలించే ఏర్పాట్లు చూసిన నాజీ అధికారి ఐక్‌మన్, అక్కడ తన మీద జరిగిన విచారణలో, తాను జీవితమంతా కాంట్ నీతి ప్రకారమే నడిచానని చెప్పుకున్నాడు. న్యాయమూర్తి గుచ్చి అడిగితే నిర్వచనం కూడా దాదాపు సరిగానే అప్పజెప్పాడు! ఆ తరలింపు పని మొదలైన నాటి నుంచి ఆ సూత్రం ప్రకారం బతకలేదని కూడా ఒప్పుకున్నాడు. నిర్వచనం కంఠస్థం చేస్తే చాలనుకునే నా విద్యార్థులకు ఈ సంగతి ఏటా చెబుతాను.

ఆరేళ్ల కిందట సాయంత్రం క్లాసుకు ఒక ఇంజినీరు వచ్చేవారు, నడివయసు మనిషి. వేయని రోడ్డుకు ఎం-బుక్కులో (జరిగిన పని కొలతలు రాసే పుస్తకంలో) కొలతలు రాసి సంతకం పెట్టారట. విచారణ జరుగుతోంది. "మాస్టారూ, నాకు వేరే దారి లేకపోయింది. పైవాళ్ల మాట వినడం నా డ్యూటీ. కాంట్ కూడా అదే అన్నాడు కదా?" అన్నారు. వాదించడానికి అడగలేదు, అభయం కోసం అడిగారు.

ఆయనకు 1788 పుస్తకంలోని ఉరికంబం ఉదాహరణ చెప్పాను. నిజాయితీపరుడైన ఒక మనిషి మీద అబద్ధపు సాక్ష్యం చెప్పు, లేకపోతే ఉరి తీస్తానంటాడు రాజు. నువ్వు ప్రాణానికి తెగించి కాదంటావా? ఏమో, ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ కాదనడం సాధ్యమేనని ప్రతివాడూ ఒప్పుకుంటాడు. కాదనాలి అని లోపల తెలుస్తోంది కాబట్టే కాదనగలను అనీ తెలుస్తోంది. మనిషికి తన స్వాతంత్ర్యం తెలిసివచ్చేది అక్కడేనంటాడు కాంట్.

"అంటే ఆ రోజు నేను కాదనగలిగేవాడినే?"

"కాదనగలిగేవారే."

ఆయన చాలాసేపు మెట్ల మీద కూర్చుని వెళ్లిపోయారు. ఇంటి అప్పు, బదిలీ భయం నాకూ తెలుసు. ఆయన్ను నిందించే అర్హత నాకు లేదు. 'దారి లేకపోయింది' అన్న మాట మీద కాంట్ చేత సంతకం పెట్టించడానికి మాత్రం ఒప్పుకోలేకపోయాను.

స్వేచ్ఛ అన్న మాటా ఇలాగే తప్పుదారి పట్టిస్తుంది. స్వ, ఇచ్ఛ; అంటే మనసుకు నచ్చింది చేయడం. కాంట్ దృష్టిలో కోరిక లాగిన వైపల్లా పోవడం కూడా పారతంత్ర్యమే. ఆయన చెప్పేదానికి 'స్వాతంత్ర్యం' దగ్గరగా ఉంటుంది, అందులో తంత్రం ఉంది కాబట్టి. ఎవరి పాలన వారిదే. జవాబుల్లో ఈ మాటే వాడండి.

ఇక మిగతావి గబగబా. "ఇష్టంగా చేసిన మంచికి విలువ లేదంటాడటగా?" అని ఒకమ్మాయి కళ్లనీళ్లతో అడిగింది. ఆసుపత్రిలో తల్లికి ప్రేమతో చేసిన సేవ లెక్కలోకి రాదేమోనని ఆ పిల్ల భయం. లేదమ్మా, ప్రేమ ఉంటే సేవ చెడిపోతుందని ఆయన అనలేదు. ప్రేమ ఇంకిపోయిన రోజున కూడా నిలబడేది ఏదో చూపించడానికి, దుఃఖంతో మనసు మొద్దుబారినా కర్తవ్యమని సాయం చేసే మనిషిని ఉదాహరణగా ఇచ్చాడంతే. మేలు చేస్తూ పోతే, మేలు పొందినవారి మీద ప్రేమ పుడుతుందని 1797లో ఆయనే రాశాడు.

"మెదడు పరిశోధనలో స్వాతంత్ర్యం లేదని తేలిపోయింది" అంటారు. కదలాలన్న నిర్ణయం మనిషికి తెలియకముందే మెదడులో సన్నాహం మొదలవుతుందని చూపిన, మెదడు శాస్త్రవేత్త లిబెట్ 1983 నాటి ప్రయోగమే దీనికి ఆధారం. అందులో మనుషులు చేసింది తోచినప్పుడు మణికట్టు కదపడం. అబద్ధపు సాక్ష్యం చెప్పాలా వద్దా అని రాత్రంతా మేలుకోవడం వేరు. చివరి క్షణంలో ఆపుకోగలమని లిబెటే అన్నాడు.

తలుపు తట్టిన హంతకుడికి కూడా అబద్ధం చెప్పరాదన్న 1797 వ్యాసమా? అక్కడ కాంట్ పొరబడ్డాడనే నేనూ అనుకుంటాను. దాని మీద ఈ వారం క్లాసు లేదు. ముందు ఆ 40 పత్రాల్లో ఆ వాక్యం రాసినవాళ్లంతా జవాబు మళ్లీ రాసి తీసుకురండి.