ఆ కోతి పొట్ట సంగతి

అమ్ములూ, బాబీ,

బోర్నియో అడవిలో పడవలోంచి తీసిన పెద్ద పొట్ట కోతి ఫోటోను మీ అత్తయ్య పంపితే, అది చూసి అమ్ములు "తాతయ్యా, ఆ కోతి కడుపుతో ఉందా?" అని అడిగిందట. ఇక్కడ అందరం పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. లేదమ్మా, అది మగ కోతి. అంత వేలాడే ముక్కు మగవాటికే ఉంటుంది. ఆడవాటి ముక్కు చిన్నది, కొసన కాస్త పైకి తిరిగి ఉంటుంది. కానీ ప్రశ్న మాత్రం గట్టిది. పడవలో ఉన్న పెద్దవాళ్లందరూ ఆ ముక్కును ఫోటో తీసుకోవడంలోనే మునిగిపోయారు. అంత పొట్ట ఎందుకని ఒక్కరూ అడగలేదు.

ముందు మేమెక్కడికి వెళ్లామో చెప్పాలి కదా. అది బోర్నియో ద్వీపం. దానిలో కొంత మలేషియాది, కొంత ఇండోనేషియాది, చిన్న ముక్క బ్రూనైది. మలేషియా వైపున్న సబా రాష్ట్రంలో కినబాటాంగన్ అనే నది ఉంది. పొడవు 560 కిలోమీటర్లు, సబాలోకెల్లా పెద్ద నది. సండకాన్ పట్టణం నుంచి రోడ్డు మీద సుకావు అనే పల్లె దాకా వెళ్లి, అక్కడ పడవ ఎక్కి మా బసకు చేరాం. నది పొంగినా మునగకుండా ఎత్తైన గుంజల మీద కట్టిన చెక్క గదులు అవి. ఒక గది నుంచి ఇంకో గదికి చెక్క వంతెన మీద నడిచి వెళ్లాలి. కింద బురద, తడి ఆకుల్లో జలగలు. చెప్పులు గుమ్మం బయటే వదలాలి. ఫోనుకు సిగ్నల్ లేదు. మీ మామయ్యకు తప్ప ఎవరికీ అది లోటుగా తోచలేదు.

ఎండ తగ్గాక పడవలో బయలుదేరాం. పెద్ద నది వదిలి మెనంగుల్ అనే సన్నని ఉపనదిలోకి మళ్లగానే పడవ నడిపే అతను ఇంజను ఆపేశాడు. అప్పటిదాకా గలగలా మాట్లాడుతున్నవాళ్లు కూడా నోరు మూశారు. కొమ్మలు కదులుతున్న చప్పుడు వినిపించింది. ఒక్కొక్కటిగా కోతులు ఒడ్డున ఉన్న చెట్ల మీదికి చేరుతున్నాయి. ఇంగ్లీషులో వాటిని ప్రోబోసిస్ కోతులంటారు, మనం ముక్కు కోతులనుకుందాం. ఈ బోర్నియోలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా అడవుల్లో కనిపించవు. మీరు ఫోటోలో చూసిన పెద్దాయన ఒక కొమ్మ మీద కాళ్లు చాపుకుని, పొట్టను తొడల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఒక చేత్తో కొమ్మ వంచి, లేత ఆకుల్ని నోటితోనే తెంపుకుంటున్నాడు. తినడానికి ముక్కు అడ్డం వచ్చినప్పుడల్లా తల కాస్త పక్కకు తిప్పుకున్నాడు.

ఇప్పుడు పొట్ట సంగతి. దానికి నేను మీ నానమ్మ దోసెల పిండిని తెచ్చుకుంటాను. పప్పు, బియ్యం నానబెట్టి రుబ్బుతుంది కదా. రుబ్బిన పిండిని పొయ్యి గట్టు మూల వెచ్చగా రాత్రంతా మూతపెట్టి వదిలేస్తుంది. పొద్దున్నకి అది పొంగి ఉంటుంది. ఎవరు పొంగించారు? కంటికి కనిపించని జీవులు. అవి పిండిని తిని, పులిపించి, గాలి బుడగలు వదులుతాయి. ముక్కు కోతి పొట్ట సరిగ్గా ఆ పిండి గిన్నెలాంటిది. ఆకులో పీచు ఎక్కువ. ఆ పీచును అరిగించే శక్తి కోతికి లేదు, నీకూ నాకూ లేదు. అందుకని దాని కడుపు ఒకటే సంచిలా కాక కొన్ని అరలుగా ఉంటుంది. ముందున్న అరల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయి. కోతి నమిలి పంపడమే రుబ్బడం, ఆ అరలే గిన్నె, లోపలి వెచ్చదనమే పొయ్యి గట్టు మూల. జీవులు ఆకుపీచును పులియబెట్టి, కోతికి పనికొచ్చే ఆమ్లాలుగా మారుస్తాయి. చివరికి ఆ జీవుల్లో కొన్ని కూడా తర్వాతి అరలోకి జారి, కోతికే ఆహారమైపోతాయి. పాపం, పనిచేసినవాళ్లే భోజనమైపోయారన్నమాట. నానమ్మ గిన్నెను తొందరపెడితే పిండి పులవదు. కోతి పొట్ట కూడా అంతే. అందుకే ఈ కోతులు పగలంతా గెంతవు, ఎక్కువసేపు ఊరికే కూర్చుంటాయి. సోమరితనం కాదు, లోపల పిండి పులుస్తోంది. గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి గనక ఆడవాటికీ మగవాటికీ అంత పొట్ట.

మరి గిన్నెలో చక్కెర వేస్తే? పిండి పొంగి పొర్లుతుంది. అందుకే ముక్కు కోతి బాగా పండిన తియ్యటి పళ్లు తినదు. అడవినిండా పళ్లు ఉన్నా పచ్చికాయలు, గింజలు, లేత ఆకులే దాని భోజనం. పండులోని తీపి కడుపులో అతివేగంగా పులిసి గాలి చేరితే దాని ప్రాణానికే ముప్పు.

ఇది చదివితే అర్థమయ్యే విషయం కాదు, నేను కళ్లారా చూశాను. మీ అంత వయసులో మా వీధిలో పెళ్లి జరిగింది. ఊరంతా భోజనాలు చేశాక మిగిలిన అన్నం గుట్టగా దొడ్డివైపు పోశారు. పక్కింటివాళ్ల గేదె రాత్రి పలుపు తెంపుకుని వెళ్లి ఆ గుట్టంతా తినేసింది. తెల్లారేసరికి దాని ఎడమ డొక్క ఉబ్బి డోలయింది. నిలబడలేదు, పడుకోలేదు, నాలుక బయటపెట్టి మూలుగుతోంది. ఎవరో నూనె తాగించారు, ఎవరో డొక్క మర్దన చేశారు. చివరికి పశువుల డాక్టరు సైకిలు మీద వచ్చి, వెంట్రుకలు గొరిగి, ఎడమ డొక్కలో సూదిమొన ఉన్న గొట్టం దించాడు. బుస్సుమని గాలి! ఆ పుల్లటి కంపుకు గుంపుగా నిలబడ్డ పిల్లలం పది అడుగులు వెనక్కి పరిగెత్తాం. గేదె బతికింది. గడ్డి తిని నెమరేసే గేదె కడుపూ పులియబెట్టే గిన్నే కాబట్టి, మెత్తటి అన్నం దానికి విషమైంది. ఆకలితో ఉన్న జంతువుకి మనకు రుచించేది పెట్టడం దయ అనుకుంటాం. అన్నిసార్లూ కాదు.

నెమరు మాట వచ్చింది కదా, ఒక వింత చెబుతాను. ఇదే మెనంగుల్ ఒడ్డున ముక్కు కోతుల్ని ఓపికగా గమనించిన జపాన్ శాస్త్రవేత్తలు 2011లో ఒక సంగతి ప్రకటించారు. ఈ కోతులు కొన్నిసార్లు మింగిన ఆకును మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నములుతాయట. అంటే కోతి నెమరేస్తుంది! అంతకుముందు అడవిలో తిరిగే ఏ కోతి జాతిలోనూ అలా ఎవరూ నమోదు చేయలేదు.

ముక్కు ఎందుకంటావా బాబీ? పెద్ద ముక్కున్న మగవాటికి ఒళ్లూ పెద్దదే, చుట్టూ ఉండే ఆడవీ ఎక్కువే. అరుపు కూడా ఆ ముక్కులోంచి గంభీరంగా వస్తుంది. అంతకుమించి నేను చెప్పను, నాకు పొట్టే నచ్చింది. సాయంత్రం నది ఒడ్డుకే ఎందుకు చేరతాయంటే, చీకట్లో చెట్లెక్కి వేటాడే మబ్బు చిరుతలకు (ఒంటి మీద మబ్బుల్లాంటి మచ్చలుండే అడవి పిల్లులు) నీటివైపు నుంచి దారి ఉండదు. ఆపద వస్తే కోతి కొమ్మ మీంచి దూకి ఈదేస్తుంది, కాలివేళ్ల మధ్య కొంత పొర ఉంటుంది. అయితే నీళ్లలో మొసళ్లున్నాయి. మేము తిరిగి వస్తుంటే దీపం వెలుగులో ఒక జత ఎర్రటి కళ్లు మెరిశాయి. మీ అత్తయ్య పడవ అంచు మీద ఉన్న చెయ్యి చటుక్కున తీసేసింది.

పొద్దున్నే పొగమంచులో మళ్లీ వెళ్లాం. పెద్ద ముక్కుల హార్న్‌బిల్ పక్షులు జంటగా ఎగురుతుంటే వాటి రెక్కల చప్పుడు ముందు వినిపించి, పక్షులు తర్వాత కనిపించాయి. ఏనుగులు కనిపించలేదు. అయితే ఒక మలుపు తిరిగాక ఒడ్డు చెట్ల వెనక ఆకాశం మరీ వెడల్పుగా కనిపించింది. అడవి అక్కడితో అయిపోయి, వరసల్లో నాటిన నూనె తాటిచెట్లు మొదలయ్యాయి. ఈ లోయలో అభయారణ్యం 2005లో ఏర్పడింది, కానీ అది తోటల మధ్య ముక్కలుగా మిగిలింది. ఒరంగుటాన్లు అనే పెద్ద వానరాలు అడవి తెగినచోట కాలువలు దాటడానికి కొన్నిచోట్ల పాత అగ్నిమాపక గొట్టాలతో తాళ్ల వంతెనలు కట్టారు. ఆ నూనె తాటిచెట్ల నుంచి వచ్చేదే పామాయిల్. ప్రపంచంలో దాన్ని అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునేది మన దేశమే. కిరాణా దుకాణంలో నూనె పొట్లం వెనక వైపు చదవడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి.

ఇక మీకు పని. ముక్కు కోతి మీ దగ్గర లేదు గానీ, దాని దగ్గరి చుట్టం ఉంది. నల్లటి మొహం, పొడుగాటి తోక ఉన్న కొండముచ్చు. దాని కడుపు కూడా ఆకుల్ని పులియబెట్టే అరల కడుపే. ఎర్రమొహం కోతికి అలా ఉండదు. అది దొరికిందల్లా బుగ్గల సంచుల్లో కుక్కుకుంటుంది. సెలవుల్లో గుడి దగ్గరో గుట్ట దగ్గరో రెండూ కనిపిస్తే, దూరంగా కూర్చుని చూడండి. ఏది బుగ్గలు నింపుకుంటుంది, ఏది ఆకుల్ని ఏరుకుంటుంది, ఏరుకుంటే లేతవా ముదురువా, తిన్నాక ఎంతసేపు కదలకుండా కూర్చుంటుంది, అన్నీ కాగితం మీద రాయండి. చేతిలో అరటిపండు, బిస్కెట్లు ఉండకూడదు. చూసింది చూసినట్టే నాకు ఉత్తరం రాయండి, మీ నాన్నను అడిగి రాయొద్దు.

ఆశీస్సులతో,
తాతయ్య