ఫోటో అయ్యేదాకా అన్నం ముట్టకూడదా?

పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం భోజనాల దగ్గర అమ్మడు అడిగిన ప్రశ్నకు నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. నలుగురి ముందూ చెబితే మీ చిన్నాన్న చిన్నబుచ్చుకుంటాడని ఆగాను. మిగతా పిల్లలు మేడమీద ఉండి వినలేదు కనుక జరిగింది మళ్లీ చెబుతాను. నానమ్మ నాటుకోడి పులుసు గిన్నె మూత తీసింది. అన్నం పొగలు కక్కుతోంది. ముద్దపప్పు, వడియాలు, ఈ ఏటి కొత్తావకాయ అన్నీ బల్ల మీదికి వచ్చాయి. చిన్నాన్న "ఎవరూ చెయ్యి పెట్టకండి" అన్నాడు. పులుసు గిన్నెను వెలుతురులోకి జరిపాడు. ముక్క పైకి కనబడేలా గరిటెతో తిప్పాడు. కుర్చీ ఎక్కి పైనుంచి ఒకటి, దిగి పక్కనుంచి ఒకటి తీశాడు. ఆ తరువాత ఫోటో కింద ఏం రాయాలా అని ఆలోచిస్తూ నిలబడిపోయాడు. అప్పుడు అమ్మడు అడిగింది: "వాళ్లెవరో చూడటానికి నా అన్నం ఎందుకు చల్లారిపోవాలి తాతయ్యా?"

చల్లారనక్కర్లేదు తల్లీ. ఆకలితో కూర్చున్నవాళ్ల ముందు వడ్డించిన అన్నం వాళ్లది. ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. కానీ మీ చిన్నాన్న ఎందుకలా చేస్తాడన్నది కూడా మీకు తెలియాలి. లేకపోతే రేపు మీ చేతికి ఫోను వచ్చినప్పుడు మీరూ అదే చేస్తారు.

ముందు ఒక మాట. చిన్నాన్నను తప్పుపట్టకండి. రుచైన పదార్థం ఎదురుగా ఉంటే పక్కవాళ్లను పిలవాలనిపించడం మంచి బుద్ధే. మా చిన్నతనంలో ఇంట్లో పనసపొట్టు కూర చేస్తే ఒక గిన్నె గోడ మీదుగా పక్కింటికి వెళ్లేది. ఆ గిన్నెను వాళ్లు ఖాళీగా తిప్పి పంపేవాళ్లు కాదు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసి ఇచ్చేవాళ్లు. ఫోనులో పెట్టిన పులుసు ఎవరి కంచంలోకీ వెళ్లదు. చూపించడం వరకే జరుగుతుంది, పెట్టడం జరగదు. పైగా చూసేవాళ్లలో ఎవరెవరు ఉంటారో మనకు తెలియదు. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి వార్డులో తండ్రి మంచం పక్కన బన్ను, టీతో పూట గడుపుకుంటున్న కుర్రవాడు ఉండవచ్చు. ఆ నెల జీతం రాని ఇంటి పిల్ల ఉండవచ్చు. మేము వీధి గుమ్మంలో కూర్చుని జంతిక కొరికినా మా అమ్మ ఊరుకునేది కాదు. "దారిన పోయే పిల్లలకు పెట్టగలిగితే అక్కడ తినండి, లేకపోతే లోపలికి రండి" అనేది. ఆ మాట ఈనాటికీ నాకు సరైనదిగానే తోస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. నానమ్మ ఆవకాయ పెట్టిన రోజున మీరంతా ముక్కలు తుడిచారు కదా. జీడి తీసేసి, టెంక ఉన్న ఒక్కొక్క ముక్కనూ పొడిగుడ్డతో తుడిచారు. ఆవపిండి, కారం, ఉప్పు కలిపి, నువ్వులనూనె పోసి, జాడీకెత్తి, మూతికి వాసెన కట్టింది నానమ్మ. అప్పుడే మీలో ఒకరు పళ్లెంలో మిగిలిన ముక్క నోట్లో వేసుకుని మొహం చిట్లించారు. ఉప్పు, కారం, ఆవ ఘాటు దేనికదే నాలుకను పట్టుకుంది. ముక్క ఇంకా పచ్చి మామిడికాయే మరి. మూడో రోజున వాసెన విప్పితే ఏం కనబడింది? ఉప్పుకు ముక్కల్లోంచి ఊట దిగింది, నూనె పైకి తేలింది. నానమ్మ అడుగున ఉన్నది పైకి, పైన ఉన్నది అడుగుకు తిరగకలిపి, ఉప్పు చూసి, మళ్లీ గుడ్డ కట్టేసింది.

మనకు జరిగే మంచి సంగతులన్నీ ఆ ముక్కల వంటివి. రుషికొండలో మొదటిసారి అల మీ నెత్తిమీదుగా వెళ్లినప్పుడు ఎలా ఉంది? అరకు రైలు సొరంగంలోంచి ఉన్నట్టుండి లోయ మీదికి వచ్చినప్పుడు ఎలా ఉంది? ఆ క్షణాన భయం, సంతోషం, చలి దేనికదే విడివిడిగా ఉంటాయి. అది పచ్చి ముక్క. దాన్ని ఎవరికీ చెప్పకుండా మీ దగ్గరే ఉంచుకునే రెండు మూడు రోజులు వాసెన గుడ్డ. రాత్రి పడుకున్నాక ఒకసారి, మర్నాడు పళ్లు తోముకుంటుంటే ఒకసారి, తలవనితలంపుగా అది గుర్తుకొస్తుంది చూడండి, అదే ఊట. ఆ తరువాత అమ్మ పక్కన చేరి "అమ్మా, ఆ రోజు ఏమైందంటే" అని మొదలుపెడతారు. అది తిరగకలపడం. అప్పుడు అడుగున ఉండిపోయిన ముక్క ఒకటి మీకే తెలియకుండా పైకి వస్తుంది. నూనె ఏమిటంటారా? ఇంట్లోవాళ్ల ఆప్యాయత. గాలి తగలకుండా పైన నిలబడి కాస్తూ ఉంటుంది. ఇక తడి చెయ్యి ఉంది. జాడీలో తడి చెయ్యి పెట్టనివ్వదు కదా నానమ్మ, బూజు పడుతుందని. ఎంతమంది మెచ్చుకున్నారో గంట గంటకూ తీసి చూసుకునే ఆత్రమే ఆ తడి. ఎవరూ మెచ్చుకోకపోతే, అంతవరకూ బాగున్న అల కూడా బాగాలేదనిపిస్తుంది. ఆవకాయ బాగా ఊరాక కావలసినవాళ్లకు చిన్న సీసాలో పెట్టి ఇస్తాం. జాడీని మోసుకెళ్లి జగదాంబ కూడలిలో మూత తీసి పెట్టం. పెట్టే రోజునైతే అసలే పెట్టం.

ఫోటో కోసం ఆగిన ఆ కాసేపూ చిన్నాన్న పులుసును తన కళ్లతో చూడలేదు. ఎవరెవరో చూస్తే ఎలా ఉంటుందో అని చూశాడు. వాసన పీల్చలేదు, నానమ్మ మొహం వంక చూడలేదు. పొద్దున్నుంచి పొయ్యి దగ్గర నిలబడిన మనిషి, మొదటి ముద్దకు మనం ఏమంటామో అని ఎదురుచూస్తోంది. ఆ ఒక్క మాట ఆమెకు అందడం ఆలస్యమైంది. నాకు బాధ కలిగించింది అదే.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. సింహాచలం అప్పన్నను ఏడాది పొడుగునా చందనం పూతలోనే చూస్తాం. వైశాఖ శుద్ధ తదియ ఒక్క రోజే నిజరూప దర్శనం. ఆ రాత్రికే మళ్లీ చందనం మొదలవుతుంది. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు ఇంకా ఇంకా పూస్తారు. ఒక ఏడు మా బామ్మ నన్ను తీసుకెళ్లింది. చీకట్లో మెట్లదారిన ఎక్కాం. దారి పొడుగునా సంపెంగల వాసన. ఆ వాసనకు ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి. వరసలో నిలబడి నిలబడి నేను బామ్మ భుజం మీద నిద్రపోయాను. లోపలికి చేరగానే బామ్మ నన్ను తట్టి లేపి, నడుము పట్టుకుని పైకెత్తింది. వెనకవాళ్లు తోస్తున్నారు. రెప్పపాటు కాలం. అంతే, బయట పడ్డాం.

దిగేటప్పుడు బామ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక కూడా మాట్లాడలేదు. తరువాత ఎప్పుడో నూతి దగ్గర పక్కింటావిడతో చెబుతుంటే విన్నాను. ఆ తరువాత ఏళ్ల తరబడి విన్నాను. చెప్పిన ప్రతిసారీ అంతకుముందు చెప్పనిది ఒకటి ఉండేది. రెప్పపాటులో మనిషి అంత ఎలా చూస్తుంది? నేనూ అక్కడే ఉన్నాను, నేనూ చూశాను. అది ఎలా ఉందో చెప్పమంటే నాకు ఇంకా మాట దొరకలేదు. ఉంది, లోపల ఉంది. ఇంతకన్నా నాకు విడమరచడం రాదు పిల్లలూ.

అప్పుడు లెక్కలు లేవు. ఇప్పుడు ఉన్నాయి. ఫేస్‌బుక్‌లో బొటనవేలి గుర్తు 2009 ఫిబ్రవరిలో వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్ 2010 అక్టోబరులో మొదలైంది. ఎంతమందికి నచ్చిందో అంకె కనబడటం మొదలయ్యాక మనుషులు ఆ అంకె వంకే చూడసాగారు. ఇది కలతపెడుతోందని చాలామంది మొత్తుకున్నాక, 2021లో ఆ రెండింటిలోనూ అంకెను దాచుకునే వీలు కల్పించారు. సెట్టింగులలో ఉంటుంది. చిన్నాన్న చేత అది నొక్కించండి, మీరు అడిగితే కాదనడు.

అన్నం ఫోటో వల్ల పోయేది వేడి ఒక్కటే. అంతకన్నా జాగ్రత్తపడవలసినవి ఉన్నాయి. ఇంటిల్లిపాదీ అరకు రైలెక్కి, కిటికీ పక్క ఫోటో ఆ నిమిషానే పెడితే, ఇంటికి తాళం వేసి ఉందని ఊరంతటికీ చెప్పినట్టే. వేసవి సెలవులకు ఊళ్లు వెళ్లేవాళ్లను పోలీసులు కూడా ఈ విషయంలో హెచ్చరిస్తుంటారు. ఫోనులో లొకేషన్ తెరిచి ఉంటే, ఎక్కడ తీశారో, ఎన్ని గంటలకు తీశారో ఫోటోలోనే నమోదై ఉంటుంది. బడి బ్యాడ్జి, స్కూలు బస్సు నంబరు, ఇంటి గేటు కనబడే ఫోటోలు బయటకు వెళ్లకూడదు. ఇన్‌స్టాగ్రామ్‌లో 13 ఏళ్లు నిండనివాళ్లకు ఖాతా ఇవ్వరు. కనుక మీలో చిన్నవాళ్లు పెద్దవాళ్ల ఫోను తీసుకుని పెట్టే పని కూడా పెట్టుకోవద్దు.

మీ ఫోటోల సంగతి వేరే చెప్పాలి. స్నానాల ఫోటోలు, మార్కులు తగ్గి ఏడ్చిన ఫోటోలు, జ్వరంతో పడుకున్న ఫోటోలు పెద్దవాళ్లు ముచ్చటపడి పెట్టేస్తారు. పదేళ్ల తరువాత కాలేజీలో మీ పక్కన కూర్చున్నవాడు వాటిని చూస్తాడని వాళ్లకు ఆ నిమిషాన తట్టదు. 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 18 ఏళ్లు నిండని పిల్లల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలని కంపెనీలకు చెప్పింది. తల్లిదండ్రులు మిమ్మల్ని కూడా అడగాలని నేనంటాను. "అమ్మా, ఇది పెట్టకు, నాకు ఇష్టం లేదు" అని మెల్లగా చెప్పండి. వినకపోతే నా దగ్గరకు రండి.

అలాగని ఎవరికీ ఏమీ చెప్పకూడదని కాదు. 2014 అక్టోబరు 12న విశాఖకు హుద్‌హుద్ తుపాను వచ్చింది. కిటికీలు పగిలాయి, కైలాసగిరి మీద చెట్లు మోడులయ్యాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఫ్రిజ్‌లలో ఉన్నదంతా పాడైపోయే లోపల మా వీధిలో అందరూ తెచ్చి ఒక్కచోట వండారు. ఇంటికొక గిన్నె వెళ్లింది, దూరాన ఉన్నవాళ్లకు మాత్రం కబురు వెళ్లలేదు. మూలింటివాళ్ల ఫోనుకు కాస్త సిగ్నల్ దొరికిందని తెలిసి వీధంతా అక్కడికి చేరింది. మీ అత్తకు డల్లాస్‌కు మేం పంపినది ఒకే ఒక్క ముక్క: "క్షేమం." ఆ ముక్క కోసం ఆమె నిద్ర లేకుండా కూర్చుంది. ఆపదలో ఉన్నప్పుడు క్షేమంగా ఉన్నామని ఒక్క నొక్కుతో తెలిపే ఏర్పాటును ఫేస్‌బుక్ తెచ్చింది కూడా అదే నెలలో. ఎదురుచూసే మనిషికి చేరే కబురుకు ఎంత విలువో ఆ వారం రోజుల్లో మా వీధికంతా తెలిసింది. అత్త "పిల్లలు ఈ రోజు ఏం తిన్నారు?" అని అడిగితే మీ కంచం ఫోటో తీసి ఆమెకు పంపండి. ఆమె ఒక్కరికే పంపండి. తిన్నాక ఖాళీ కంచం పంపినా ఆమె సంతోషిస్తుంది.

ఈ వారం మీకొక పని చెబుతున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మరపడవలకూ మోటారు పడవలకూ వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ కట్టడి. అందుకే హార్బరులో పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. చేత్తో తెడ్డు వేసే తెప్పలకూ, ఒడ్డునుంచి లాగే వలలకూ ఆ అడ్డు లేదు. పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, నాన్నను వెంటబెట్టుకుని పెదజాలరిపేట ఒడ్డుకు వెళ్లండి. వల లాగేవాళ్లు కనబడితే దగ్గరకు వెళ్లి నిలబడండి. తాడు పట్టమంటే పట్టండి, అరచేతులు కాస్త మండుతాయి. వల ఇసుక మీదికి రాగానే, కవళ్లనే చేపల వీపు రంగు చూడండి. నీలమా, ఆకుపచ్చా? అది కాసేపట్లో మారిపోతుంది, కనుక వెంటనే చూడాలి. చూసినవాళ్లు మీలో మీరు కూడా మూడు రోజులు ఆ మాట ఎత్తకండి. నాలుగో రోజున ఒక్కొక్కరే వచ్చి నాకు విడివిడిగా చెప్పండి. ఎవరు ఏ రంగు చెబుతారో వినాలని ఉంది.

ఫోన్లు ఇంట్లోనే పెట్టి వెళ్లండి, నాన్నది కూడా. చేపలు ఇస్తే డబ్బులిచ్చి తీసుకోండి. నీళ్లలోకి మాత్రం మోకాలి లోతు దాటి దిగకండి. అక్కడ అల వెనక్కి వెళ్లేటప్పుడు లోపలికి లాగుతుంది.

మీ తాతయ్య