ఫోన్‌లో మాట తెగుతోందని ప్లాన్ మార్చేస్తున్నారా? కాస్త ఆగండి

విజయనగరంలో ఫైబర్ ఇంటర్నెట్ లైన్లు, వాటి మీద నడిచే షాపుల ఫోన్లు చూసే పని మాది. ఎక్కువగా వినేది ఒకటే గోల: "ఏటి బాబూ, నెలనెలా డబ్బులు కడతన్నాం, మాట ముక్కలు ముక్కలుగా వస్తంది. పెద్ద ప్లాన్ వేసీండి."

అపోహ: స్పీడ్ పెంచితే మాట బాగుపడుతుంది.

వాస్తవం: ఒక కాల్‌కి వెళ్లేటప్పుడు గానీ వచ్చేటప్పుడు గానీ 100 కేబీపీఎస్ కూడా పట్టదు. 30 ఎంబీపీఎస్, అంటే 30,000 కేబీపీఎస్ ప్లాన్‌లో అది ఏ మూలకి? మాటకి కావాల్సింది నిలకడ. మాట చిన్న చిన్న ప్యాకెట్లుగా వెళ్తుంది. నూటికి ఒకటి రెండు ప్యాకెట్లు పోయినా, కొన్ని ముందు కొన్ని వెనక వచ్చినా చెవికి తెలిసిపోతుంది. "మరి యూట్యూబ్ బాగానే వస్తోంది కదండీ" అంటారు. వీడియో కొంత ముందే దింపుకుని ఆడుతుంది. మాటకి ఆ వీలు లేదు.

గంటస్తంభం దగ్గర ఒక మందుల హోల్‌సేల్ షాపు. ఆర్డర్లన్నీ ఫోన్ మీదే. షావుకారు గారు అప్పటికే ప్లాన్ పెంచుకున్నారు, అయినా సాయంత్రమయ్యేసరికి అదే గొడవ. ఆయన మాటే అవతలివాళ్లకి తెగుతోంది, వాళ్లది ఈయనకి శుభ్రంగా వినబడుతోంది. ఇలా ఉంటే అప్‌లోడ్ వైపు చూడాలి. తలెత్తితే గోడల నిండా సీసీ కెమెరాలు, అన్నీ క్లౌడ్‌కి పంపేవే. షాపులో జనం మెసిలినప్పుడల్లా వీడియో పైకి పోతోంది, సాయంత్రం రద్దీలో అప్‌లోడ్ మొత్తం అదే మింగేస్తోంది. కెమెరాల క్వాలిటీ ఒక మెట్టు తగ్గించి, రౌటర్‌లో ఫోన్‌కి ముందు దారి ఇచ్చాను. వైఫై మీద నడుస్తున్న ఫోన్‌కి కేబుల్ వేశాను. అంతే. పాత ప్లాన్‌కి వెనక్కి వెళ్లమని నేనే చెప్పాను, డీలర్‌కి కోపం వచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

ఇవన్నీ చూసినా తగ్గకపోతే ఓఎన్‌టీలో, అంటే ఫైబర్ వచ్చి చేరే పెట్టెలో, ఆప్టికల్ పవర్ (అందే వెలుతురు బలం) ఎంతో ఆపరేటర్‌ని అడగండి. మైనస్ 27 డీబీఎం దాటి కిందకి పోతే లోపం చాలావరకు లైన్‌లోనే. ఎక్కడో మడత పడి ఉండొచ్చు.

అపోహ: కరెంటు పోయినా ల్యాండ్‌లైన్ మోగుతుంది.

రాగి తీగ రోజుల్లో ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టులు వచ్చేవి. ఫైబర్‌లో వచ్చేది వెలుతురే, కరెంటు రాదు. ఇంట్లో కరెంటు పోతే రౌటర్ ఆగుతుంది, దాంతో ఫోనూ ఆగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. రౌటర్‌కి మినీ యూపీఎస్ పెట్టుకోండి, కొనేముందు అడాప్టర్ మీద వోల్టులు చూడండి. అవతల ఆపరేటర్ దగ్గర కూడా కరెంటు ఉండాలి కాబట్టి, సెల్ ఛార్జింగ్ మరిచిపోకండి.

అపోహ: "మీ షాపులో మా పెట్టె పెట్టుకోండి, సిమ్‌లు మేమే ఇస్తాం, నెలనెలా అద్దె" అంటే ఇంటర్నెట్ ఫోన్ వ్యాపారమే.

కాదు. విదేశీ కాల్స్‌ని లోకల్ నంబర్లుగా మార్చే సిమ్ బాక్స్ అది. పోలీసులు ముందు వచ్చేది మీ షాపుకే.

ఇక టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పేరు చెప్పి పెద్దవాళ్లని బెంబేలెత్తిస్తున్న ఫోన్: "ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ నంబర్ కట్, తొమ్మిది నొక్కండి." ఒక రిటైర్డ్ మాస్టారు వణికిపోతూ నాకు ఫోన్ చేశారు. పిల్లలు దూరంగా ఉంటారు, ఆ నంబర్ పోతే ఎలాగని ఆయన టెన్షన్. నంబర్లు కట్ చేస్తామని ట్రాయ్ ఎవరికీ ఫోన్ చెయ్యదు. ఏమీ నొక్కకుండా పెట్టేయండి. డబ్బు పోయి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.