గుడిలో సమాధులా? ఈజిప్టు తవ్వకాల్లో నాకు ఎదురైన అపోహలు, వాస్తవాలు

లక్సర్ ఎదురుగా, నైలు నది పడమటి ఒడ్డున కొన్ని సీజన్లు పనిచేశాను. కుండపెంకులు, శవపేటికల ముక్కలు కడిగి, కొలిచి, నమోదు చేయడం నా పని. ఇంటికొచ్చి ఫోటోలు చూపిస్తే మనవాళ్ళ మొదటి ప్రశ్న ఒక్కటే: "గుడిలో శవాల్ని ఎలా పూడ్చిపెట్టారు?" వీధిలో శవం ఉంటే గుడి తలుపులు మూసేసే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం కాబట్టి ఆ సందేహం న్యాయమైనదే. దాని చుట్టూ అల్లుకున్న అపోహల గురించే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రామెస్సియం అంటే రెండవ రామ్సెస్ సమాధి.

కాదు. ఆ ఈజిప్టు రాజును పూడ్చింది కొండల వెనక, రాజుల లోయలో. రామెస్సియం ఆయన పేరున పూజలు జరగడానికి కట్టిన గుడి. ఈ పొరపాటు పాతదే. క్రీ.పూ. 1వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు డయోడోరస్ కూడా దాన్ని సమాధి అనే రాశాడు.

అపోహ: సమాధులు వచ్చాయంటే ఆ గుడి అపవిత్రమైపోయినట్టే.

నేను ఎక్కువసార్లు విన్నది ఇదే. ఈజిప్టువాళ్ళకు శౌచం పట్టింపు లేదనుకోకండి. పూజారులు ఒళ్ళంతా గొరిగించుకుని, రోజుకు పలుసార్లు స్నానం చేసి గాని లోపలికి వెళ్ళేవారు కాదు. రెండవ రామ్సెస్ లాంటి రాజులు ఏలిన 'కొత్త రాజ్యం' రోజుల్లో దేవుడి ప్రాకారం లోపల పూడ్చడం రివాజు కాదు. సుమారు క్రీ.పూ. 1070 తర్వాత, కొత్త రాజ్యం ముగిశాక వచ్చిన మూడవ మధ్యంతర యుగంలో ఆ పద్ధతి మారింది.

ఎందుకు మారిందంటే, మొదటి కారణం దొంగలు. తొమ్మిదవ రామ్సెస్ కాలంలో సమాధుల దోపిడీలపై జరిగిన విచారణల రికార్డులు పపైరస్‌ల (జమ్ము కాడలతో చేసిన కాగితాల) మీద ఇప్పటికీ ఉన్నాయి. కొండ పక్కన విడిగా, బొమ్మలు చెక్కించుకుని సమాధి కట్టుకుంటే ఇదిగో బంగారం అని చూపించినట్టే. ప్రాకారం లోపల, మనుషులు తిరిగే చోట, నేల కిందైతే కాస్త భద్రం.

నా దృష్టిలో రెండో కారణం ఇంకా బలమైనది. ఏడాదికోసారి జరిగే లోయ పండుగకు అమున్ దేవుడు తూర్పు ఒడ్డున ఉన్న తన పెద్ద గుడి కర్నాక్ నుంచి పడవలో నది దాటి పడమటి ఒడ్డుకు వచ్చేవాడు. ఆ ఊరేగింపు చివరికి చేరేది దేర్ ఎల్-బహరి లోయకే. రాణి హత్షెప్సుత్ గుడి ఉన్నది అక్కడే. తర్వాతి కాలపు పూజారి కుటుంబాలు ఆ గుడి పై అంతస్తు గదుల్లో నేల రాళ్ళు లేపి, బావిలా నిలువు గొయ్యి తవ్వి, అడుగున గది తొలిచి తమవాళ్ళను అందులో ఉంచాయి. స్వామి వచ్చే చోటే ఉండాలన్నది వాళ్ళ కోరిక.

మంత్రాలయంలో బృందావనానికి దండం పెట్టుకునేటప్పుడు మనకు మైల గుర్తుకు రాదు కదా. అయితే తేడా ఉంది. మంత్రాలయంలో మహనీయుడి సమాధి వల్ల ఆ చోటు పవిత్రమైంది. థీబ్స్‌లో (లక్సర్ పాత పేరు అది) చోటు ముందే పవిత్రం కాబట్టి సమాధులు వచ్చాయి.

అపోహ: చోటు దొరకని బీదవాళ్ళే పాడుబడ్డ గుళ్ళలో పూడ్చుకున్నారు.

అదే పడమటి ఒడ్డున మూడవ రామ్సెస్ కట్టించిన గుడి మెదీనెత్ హాబుకు వెళ్తే పెద్ద ద్వారం దాటగానే ఎడమ చేతి వైపు చిన్న రాతి గుళ్ళు కనిపిస్తాయి. అవి 'అమున్ దేవుడి భార్యలు' అనే పదవిలో ఉన్న రాజకుమార్తెలవి. ఈజిప్టుకు దక్షిణాన ఉన్న కుష్ దేశపు రాజు కష్తా కూతురు మొదటి అమెనిర్దిస్ సమాధి వాటిలో ఒకటి. ఉత్తరాన తానిస్‌లో అయితే రాజులే అమున్ ఆలయ ప్రాంగణంలో పూడ్పించుకున్నారు. 1939-40లో పియేర్ మోంతే అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడే సుసెన్నెస్ రాజు సమాధి కనుక్కున్నాడు, వెండి శవపేటికతో సహా. బీదవాళ్ళ సంగతి ఇది కాదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అపోహ: పాత శవపేటిక వాడుకున్నారంటే అది దొంగతనమే.

కొన్ని దొంగ సొత్తే కావచ్చు. కానీ క్రీ.పూ. 9వ శతాబ్దంలో థీబ్స్ రాజు హర్సియేసేని మెదీనెత్ హాబులో ఉంచింది రెండవ రామ్సెస్ రాణి హెనుత్మిరే గ్రానైట్ పేటికలో. డేగ తల ఉన్న మూత మాత్రం కొత్తగా చేయించారు. రాజుకు చాటుగా చేయాల్సిన అవసరం ఏముంది? మంచి కలప ఈజిప్టులో ఎప్పుడూ కరువే. ఆ రోజుల్లో పాత పేరు చెరిపి, మళ్ళీ రంగు పూసి వాడిన చెక్క పేటికలు చాలానే దొరికాయి.

అపోహ: ముందు గుడి, తర్వాత శ్మశానం. వరస ఎప్పుడూ ఇదే.

రామెస్సియం వెనక మట్టి ఇటుకలతో కట్టిన కొట్లు వరసగా ఉంటాయి. 1895-96లో జేమ్స్ క్విబెల్ వాటి కింద ఒక నిలువు గొయ్యి తవ్వించాడు. అడుగున పపైరస్ చుట్టలతో నిండిన పెట్టె బయటపడింది. ఆ సమాధి మధ్య రాజ్యం నాటిది, అంటే గుడికన్నా సుమారు 400 ఏళ్ళకు పైగా పాతది. మొదట శ్మశానం, దాని మీద రామ్సెస్ గుడి, మళ్ళీ ఆ కొట్ల మధ్య మూడవ మధ్యంతర యుగం సమాధులు. మేం నేలలో ప్రతి గొయ్యి అంచూ విడిగా గీసుకునేది ఇందుకే. ఏ గొయ్యి ఏ పొరను కోసిందో తెలియకపోతే, అందులో దొరికిన ఉషబ్తి (చనిపోయినవాళ్ళకు సేవ చేయడానికని పక్కన పెట్టే చిన్న బొమ్మ) ఏ కాలానిదో చెప్పడం చాలా కష్టం.

అపోహ: తర్వాత వచ్చిన సమాధులు, కట్టడాలు చెత్త. తీసేస్తేనే అసలు గుడి కనిపిస్తుంది.

నన్ను నిజంగా బాధపెట్టేది ఇది. ఎందుకంటే ఇది ఒకప్పుడు మా వృత్తివాళ్ళే నమ్మిన మాట. దేర్ ఎల్-బహరి అంటే అరబ్బీలో ఉత్తరపు మఠం. క్రీ.శ. 6వ శతాబ్దం చివర్లో హత్షెప్సుత్ గుడి పై అంతస్తులో సెయింట్ ఫోయిబామ్మోన్ పేరుతో క్రైస్తవ మఠం వెలిసింది. 1890ల్లో ఎడ్వర్డ్ నావిల్ బృందం గుడిని బయటికి తీయడానికి ఆ మఠం శిథిలాలను తొలగించింది. ఏ గోడ ఎప్పటిదో, ఏ గది దేనికి వాడారో మనం ఇవాళ అడగాల్సిన తీరులో అప్పుడు ఎవరూ రాసిపెట్టలేదు. 1961 నుంచి అక్కడ పోలండ్ బృందం పనిచేస్తోంది. ఎప్పుడో దోచేసిన గోతుల్లో మిగిలిన కార్టొనేజ్ పెంకుల్ని, అంటే నారగుడ్డ పొరలకు జిగురు, సున్నం పట్టించి చేసిన మమ్మీ తొడుగుల ముక్కల్ని ఏరి, అక్కడ ఎవరుండేవారో తేల్చడం అలాంటి చోట్ల పని. గోరంత ముక్క మీద సగం పేరు దొరికినా ఆ రోజు మాకు పండగే.

మఠానికి సంబంధించిన కాప్టిక్ (ఈజిప్టు క్రైస్తవుల పాత భాష) పత్రాలు మాత్రం కొన్ని మిగిలాయి. 8వ శతాబ్దంలో, జబ్బుపడిన బిడ్డ బతికితే మఠానికి ఇచ్చేస్తామని మొక్కుకున్న తల్లిదండ్రులు రాయించిన దానపత్రాలు వాటిలో ఉన్నాయి. బిడ్డల పేర్లు వాటిలో చదవొచ్చు. ఆ పిల్లలు పనిచేసిన గదులు, నడిచిన వసారాలు ఇప్పుడు ఆ గుడి మీద లేవు.