పాస్ తర్వాత వచ్చిన డబుల్

నలుగురు రెండు జట్లుగా ఆడే బ్రిడ్జ్ పేకాట ఆడుతున్నారు. మీ ఎడమ పక్కాయన ‘ఒక ఇస్పేటు’ అని వేలం మొదలుపెట్టాడు. ఎదురుగా కూర్చున్న మీ పార్టనర్ పాస్. కుడి పక్కాయన ‘రెండు ఇస్పేట్లు’ అన్నాడు, అంటే ఇస్పేటు తురుపుగా 13లో 8 ట్రిక్కులు (నలుగురూ తలా ఒక ముక్క వేసే రౌండ్లు) గెలుస్తామని. మీ చేతిలో పెద్దగా ఏమీ లేదు, మీరూ పాస్. ఎడమ పక్కాయన కూడా పాస్. మీ పార్టనర్ ఇంకో పాస్ పెడితే వేలం ముగిసేది. కానీ పెట్టలేదు. ఎర్రటి ‘డబుల్’ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

డబుల్‌కి మొదట్లో ఒకటే అర్థం: ‘మీరు ఓడిపోతారు, అందుకే పందెం పెంచుతున్నా’. 1910ల నాటికి అమెరికాలో కొందరు దానికి రెండో అర్థం ఇచ్చారు: ‘పార్టనర్, వాళ్ల రంగు నా దగ్గర తక్కువ, మిగతా మూడింట్లో నీకు ఏది ఎక్కువుంటే అది చెప్పు’. మొదటిది పెనాల్టీ డబుల్, రెండోది టేకౌట్ డబుల్. పలికే మాట మాత్రం ఒక్కటే. మరి ఇప్పుడు పార్టనర్ చెబుతున్నది ఏది?

జవాబు మీ చేతిలోనే ఉంది. ముక్కలు లెక్కపెట్టండి. చాలా పద్ధతుల్లో ‘ఒక ఇస్పేటు’ అన్నవాడికి 5 ఇస్పేట్లుంటాయి. దాన్ని రెండుకి పెంచినవాడికి మామూలుగా కనీసం 3. మీ దగ్గర 3 ఉన్నాయనుకుందాం. మొత్తం 11. ఇక పార్టనర్‌కి మిగిలేవి రెండే. రెండు ఇస్పేట్లతో ఎవరూ ఇస్పేటు ఆటని ఓడిస్తానని పందెం కట్టరు. కాబట్టి ఇది టేకౌట్.

పాయింట్లూ అదే మాట చెబుతాయి. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున మొత్తం 40. వేలం తెరిచినవాడికి 12 నుంచి 14, పెంచినవాడికి 6 నుంచి 9 ఉంటాయనుకుంటే వాళ్లవి 18 నుంచి 23. మనకి మిగిలేవి 17 నుంచి 22. మీ దగ్గర 7 ఉంటే పార్టనర్‌కి కనీసం 10. మరి మొదటే ఎందుకు మాట్లాడలేదు? అప్పటికి కుడి పక్కాయన బలమెంతో తెలియదు. ఆయన దగ్గర 15 ఉంటే పార్టనర్ చిక్కుకుపోయేవాడు. వాళ్లిద్దరూ రెండు దగ్గరే ఆగిపోయాక, మీ దగ్గర ఏదో ఉండి తీరాలని ఆయనకి అర్థమైంది. నాకు ఈ ఆటలో బాగా నచ్చేది ఈ ఘట్టమే. ఆయన డబుల్ అన్నది తన ముక్కలతో మాత్రమే కాదు, ఇంకా చూడని మీ ముక్కలు కూడా కలుపుకుని. అందుకే ఇక్కడ మీరు ఉత్సాహపడి పెద్ద వేలం పాడకూడదు. మీ 7 పాయింట్లని ఆయన అప్పటికే వాడేశాడు.

ఇప్పుడు ఇంకో వేలం చూడండి. ఎడమ పక్కాయన ‘ఒక ఆఠీను’. పార్టనర్ పాస్. కుడి పక్కాయన ‘ఒక నో ట్రంప్’, అంటే తురుపు లేకుండా ఆడతామని. మీరు పాస్. ఎడమ పక్కాయన ‘రెండు ఆఠీన్లు’. పార్టనర్ డబుల్. పైకి అచ్చం మొదటిదానిలాగే, ముందు పాస్, తర్వాత అదే రంగు మీద డబుల్. అర్థం మాత్రం పూర్తిగా తిరగబడింది. ఆఠీను రెండోసారి పాడినవాడికి సాధారణంగా 6 ఉంటాయి. నో ట్రంప్ అన్నవాడికి 3 ఉంటే చాలామంది ఆఠీనే పెంచేవారు, కాబట్టి ఆయనకి మహా అయితే 2. మీ దగ్గర ఒక్కటే ఉంటే, 13లో పార్టనర్‌కి కనీసం 4 ఉండాలి. పైగా ఆఠీన్లు తక్కువై చేతిలో బలం ఉన్నవాడైతే మొదటి వంతులోనే టేకౌట్ డబుల్ అనేవాడు. ఆయన ఊరుకున్నది బలం లేక కాదు, ఆఠీన్లు ఎక్కువై. ఆడబోయేవాడి తర్వాతి చోటులో కూర్చుని, రాజు, రాణి, పది పట్టుకుని కాచుకున్నాడు. మీరు పాస్ అని ఊరుకోవాలి.

తేడా అంతా అవతలి ఇద్దరికీ ఆ రంగులో పొత్తు కుదిరిందా లేదా అన్నదాంట్లోనే ఉంది. కుదిరితే ఆలస్యపు డబుల్ టేకౌట్, కుదరకపోతే పెనాల్టీ. తప్పుగా చదివితే నష్టం చిన్నదేమీ కాదు. రెండు ఆఠీన్లు మామూలుగా నెగ్గితే వాళ్లకి 110. డబుల్ చేశాక నెగ్గితే 470, వల్నరబుల్ (బహుమతీ జరిమానా రెండూ పెరిగే స్థితి) అయితే 670. అదే వల్నరబుల్‌గా రెండు ట్రిక్కులు తక్కువైతే మనకి 500.

గణితం తెలిసినవాళ్లు దీన్ని షరతులతో కూడిన సంభావ్యత అంటారు. 52 ముక్కల్లోంచి 13 ముక్కల చెయ్యి 63,501 కోట్ల 35 లక్షల 59 వేల 600 రకాలుగా రావచ్చు. పార్టనర్ మొదటి పాస్‌తో అందులో కొంత కొట్టుకుపోతుంది. మీ 13 ముక్కలతో చాలా పెద్ద భాగం, అవతలివాళ్ల మాటలతో మరికొంత పోతుంది. చివరి డబుల్ వచ్చేసరికి మిగిలేది చిన్న గుంపు. రమ్మీ బాగా ఆడేవాళ్లు పక్కవాడు ఎత్తుకోకుండా వదిలేసిన ముక్కని గుర్తుపెట్టుకునేది కూడా ఇందుకే.

ఒక్క జాగ్రత్త. ఆలస్యం అంటే వంతు ఆలస్యం, గడియారం ఆలస్యం కాదు. పార్టనర్ అర నిమిషం ఆలోచించి పాస్ అన్నాడని గమనించి, దాన్నిబట్టి మీరు వేలం ఎంచుకోవడానికి బ్రిడ్జ్ నియమాలు ఒప్పుకోవు. ఆయన ఏ వంతులో ఏమన్నాడన్నదే మీరు వాడుకోవాలి. 1975లో బ్రిడ్జ్ ప్రపంచ పోటీ అయిన బెర్ముడా బౌల్‌లో ఇందుకే బల్లకి అడ్డంగా తెర కట్టారు. అప్పట్నుంచి పెద్ద పోటీల్లో పార్టనర్ ముఖం కనపడదు. తెర కింద నుంచి పళ్లెం ఇవతలికి జరుగుతుంది. అందులో ఆయన కార్డులు రెండే ఉంటాయి, ముందు పచ్చటి పాస్, దాని పక్కన ఎర్రటి డబుల్.